కూతురి కోసం ఇద్దరు నాన్నలు: ‘ట్రైన్ టు బుసాన్’, ‘ది వెయిలింగ్’

రెండూ 2016లోనే వచ్చిన కొరియన్ హారర్ సినిమాలు. రెండింట్లోనూ కూతుర్ని కాపాడుకోవాలని తపించే నాన్నే. యోన్ సాంగ్‌హో తీసిన ‘ట్రైన్ టు బుసాన్’లో భయానికి లెక్క ఉంది: జాంబీలు మనిషి కంటపడితే ఎగబడతాయి, సొరంగం చీకట్లో తడబడతాయి, అద్దానికి తడిపిన పేపరు అంటిస్తే నెమ్మదిస్తాయి. ఆ లెక్క తెలిశాక మన చూపు మనుషుల స్వార్థం మీదికి మళ్లుతుంది. తలుపు మూసేసేది తోటి ప్రయాణికులే మరి.

నా హాంగ్‌జిన్ ‘ది వెయిలింగ్’లో ఆ లెక్కే దొరకదు. భూతవైద్యుడు కొయ్యబొమ్మలోకి మేకు దిగ్గొడుతుంటే ఇంట్లో పాప మెలికలు తిరిగిపోతుంది. అదే రాత్రి, జపాన్ నుంచి వచ్చిన కొత్తమనిషి తంతు ఇంకోచోట. రెండిటినీ మార్చి మార్చి చూపడంతో దెబ్బ ఎవరికి తగులుతోందో తేలదు. ఎవర్ని నమ్మాలో తెలియని ఆ తండ్రి అవస్థే ఇక్కడ అసలు భయం. నిడివి 156 నిమిషాలు. మొదట్లో పోలీసుల తికమక హాస్యం చూసి మాత్రం ఆపేయకండి.