గర్భిణికి బీపీ రాకుండా: ఆస్పిరినా, కాల్షియమా?

తిరుపతిలో పరీక్షలకు వచ్చే గర్భిణుల చీటీల్లో కాల్షియం మాత్ర దాదాపు అందరికీ రాసి ఉంటుంది, ఆస్పిరిన్ మాత్రం కొందరికే ఉంటుంది. పక్కింటి కోడలికి ఇచ్చిన మాత్ర మనమ్మాయికి ఎందుకివ్వలేదన్న సందేహం పెద్దవాళ్లకు రావడం సహజమే.

ఇరవై వారాల తరువాత బీపీ 140/90కి చేరి, మూత్రంలో ప్రొటీన్ పోతూ, ముదిరితే గుర్రపువాతానికి (మూర్ఛలకు) దారితీసే ప్రీఎక్లాంప్సియా అనే జబ్బుకు బీజం మొదటి నెలల్లోనే, మాయకు రక్తం అందించే నాళాలు సరిగా విచ్చుకోనప్పుడే పడుతుంది. అందుకే ఆస్పిరిన్‌ను పన్నెండో వారం నుంచి, వీలైనంతవరకు పదహారో వారం లోపే మొదలుపెడతారు. ముప్పు ఎక్కువని పరీక్షల్లో తేలిన గర్భిణులకు రోజూ రాత్రి 150 మిల్లీగ్రాములు ఇచ్చి చూసిన పరిశోధన 2017లో వెలువడింది. ముప్పై ఏడు వారాలలోపే ఈ జబ్బు రావడం అందులో 4.3 శాతం నుంచి 1.6 శాతానికి తగ్గింది. నెలలు నిండాక వచ్చేదానిపై అంత ప్రభావం కనబడలేదు. కిందటి కాన్పులో ఈ జబ్బు వచ్చినవారికి, ముందే బీపీ, షుగరు, కిడ్నీ జబ్బు ఉన్నవారికి, కవలలు మోస్తున్నవారికి ఇది ముఖ్యం. ఐదో నెల పడేదాకా ఆసుపత్రికి తీసుకువెళ్లని ఇళ్లలో ఈ అదను చేజారిపోతోంది, అది నాకు చాలా బాధ కలిగించే విషయం.

కాల్షియం సంగతి వేరు. అది తిండిలో తక్కువైన చోట ఈ జబ్బు ముప్పు తగ్గించడానికి గర్భిణులందరికీ ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన ప్రభుత్వ పద్ధతిలో పద్నాలుగో వారం నుంచి రోజుకు రెండుసార్లు 500 మిల్లీగ్రాముల మాత్ర ఇస్తారు. చిత్తూరు వైపు రాగి సంగటి తినే ఇళ్లకు కొంత ఆసరా ఉంది, వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అయినా ఒక్క సంగటితో గర్భిణి అవసరం తీరదు. రాత్రి అన్నం తిన్నాక ఐరన్ మాత్రనూ దీనినీ ఒకే గుక్కలో మింగేయడం చాలా ఇళ్లలో చూస్తాం. కాల్షియం ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు కనుక, రెంటికీ మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉండాలి.

ముప్పు ఉన్న తల్లికి ఏది మేలంటే, ఆస్పిరినే అంటాను, కాల్షియం మానకుండా. ముప్పు లేని తల్లికి కాల్షియం చాలు. ఆస్పిరిన్‌ను సొంతంగా మందులషాపులో కొనుక్కోవడం తగదు, కడుపులో పుండ్లు, ఉబ్బసం, రక్తస్రావ సమస్యలు ఉన్నవారికి అది హాని చేయవచ్చు. ఇప్పటికే బీపీకి టెల్మిసార్టాన్, ఎనలాప్రిల్ వంటివి వాడుతున్నవారు గర్భం దాల్చాలని అనుకున్నప్పుడే డాక్టరుకు చెప్పి, లాబెటలాల్ వంటి సరిపడే మందుకు మారాలి.