ప్రింటుకి తెచ్చే ఫైలు: పీడీఎఫ్ మేలా, వర్డా, ఫొటోనా?

అనంతపురంలో జిరాక్స్, డీటీపీ షాపు నడిపే నాలాంటివాళ్లకి అలవాటైన ప్రశ్న ఒకటుంది: "అన్నా, ఫోన్లో బాగనే కనపడతాంది, ఇక్కడెందుకిట్లొచ్చింది?" అడ్మిషన్ల టైములో పిల్లలు అడుగుతారు, 1బి (పొలం రికార్డు) కాగితాల కోసం వచ్చే రైతులూ అడుగుతారు. జవాబు చాలావరకు మీరు తెచ్చిన ఫార్మాట్‌లోనే ఉంటుంది.

నా లెక్కలో తేల్చే విషయం ఫాంటు, అంటే అక్షరాలకి రూపం ఇచ్చేది. ఫైలు సైజు, ఏ యాప్‌లో తెరుచుకుంటుంది అన్నవి దాని తర్వాతే. వర్డ్ ఫైల్లో టైప్ చేసిన మాటలు ఉంటాయి, ఫలానా ఫాంటు వాడాలని దాని పేరు కూడా ఉంటుంది. కానీ ఆ ఫాంటు మామూలుగా ఫైలుతో పాటు రాదు, తెరిచిన కంప్యూటర్‌లో ఉండాలి. పీడీఎఫ్‌లో అయితే ఎక్కువసార్లు ఫాంటు లోపలే ఉంటుంది. అడోబీ వాళ్లు 1993లో పీడీఎఫ్ తెచ్చిందే ఏ మిషన్‌లో తెరిచినా పేజీ ఒకేలా కనబడాలని.

ఇంజనీరింగ్ పిల్లల ప్రాజెక్టు రిపోర్టు చూడండి. సొంత ల్యాప్‌టాప్‌లో చక్కగా కుదిరిన వర్డ్ (డాక్స్) ఫైలు షాపు కంప్యూటర్‌లో తెరిస్తే, లేని ఫాంటు బదులు ఇంకోటి వచ్చి కూర్చుంటుంది. పేరా చివరి మాట కింది లైనుకి దిగుతుంది, ఆ లైను తర్వాతి పేజీకి పోతుంది. విషయసూచికలో 41వ పేజీ అని ఉన్న అధ్యాయం 43లో మొదలవుతుంది. ఇది కంటికి వెంటనే కనబడదు. బైండింగ్ అయ్యాక గైడ్ సార్ చూసి తిప్పి పంపితే మళ్లీ మొదటి నుంచి ప్రింటు, మళ్లీ బైండింగ్. ఆ రెండో ఖర్చు తీసుకోవడానికి నాకు చెయ్యి రాదు. అందుకే ముందే చెబుతున్నా: వర్డ్‌లోనే "సేవ్ యాజ్" నొక్కి పీడీఎఫ్ చేసుకుని, పేజీ నంబర్లు ఒకసారి చూసుకుని రండి.

తెలుగు ఫైలైతే సమస్య ఇంకా పెద్దది. యూనికోడ్‌లో, అంటే అన్ని మిషన్లకీ ఒకటే అయిన అక్షరాల కోడ్‌లో, టైప్ చేసింది ఫర్వాలేదు. విండోస్‌లో గౌతమి ఫాంటు ఎక్స్‌పీ కాలం నుంచీ ఉంది, ఫోన్లలోనూ తెలుగు వస్తుంది. కానీ కరపత్రాలు, పెళ్లి పత్రికలు, దస్తావేజులు ఇప్పటికీ చాలాచోట్ల యూనికోడ్ కాని అను ఫాంట్లలోనే టైప్ చేస్తారు. ఆ ఫాంటు లేని చోట తెరిస్తే తెలుగు ఒక్క అక్షరం కనబడదు, చుక్కలూ గీతలూ పెట్టిన ఇంగ్లీషు అక్షరాలు పేజీ నిండా వస్తాయి. ఫైలు పాడైందని భయపడి డిలీట్ చేసేవాళ్లున్నారు. అది పాడవలేదు, ఫాంటు లేదంతే. టైప్ చేసినవాళ్లనే పీడీఎఫ్ అడిగి తీసుకోండి. అయితే ఆ పీడీఎఫ్‌లోంచి మాటలు కాపీ చేసి ఇంకోచోట పెడితే మళ్లీ ఆ చుక్కల అక్షరాలే వస్తాయి. కాబట్టి తర్వాత మార్పులుంటాయనుకుంటే అసలు ఫైలు కూడా దాచుకోవాలి.

వర్డ్‌కి ఉన్న బలం అదే, దిద్దుకోవచ్చు. ఖాళీలు నింపాల్సిన అఫిడవిట్ నమూనా, రెజ్యూమే లాంటివి వర్డ్‌లో ఉంటేనే సుఖం. దిద్దడం అయ్యాక మాత్రం పీడీఎఫ్ చేసి ప్రింటుకి రండి.

పీడీఎఫ్‌తో రెండు ఇబ్బందులున్నాయి. ఈ-ఆధార్ పాస్‌వర్డ్ అడుగుతుంది: ఆధార్‌లో ఉన్న పేరులోని మొదటి నాలుగు ఇంగ్లీషు పెద్ద అక్షరాలు, వెంటనే పుట్టిన సంవత్సరం. అది గుర్తులేక లైన్లో టెన్షన్ పడతారు గానీ, ఆ పాస్‌వర్డ్ మీ మేలుకే. మీ ఫైలు షాపు కంప్యూటర్‌లో ఉండిపోయినా ఊరికే తెరుచుకోదు. రెండోది ప్రింటు సైజు. "ఫిట్" అని ఉంటే పేజీని కాగితానికి సరిపడేలా మారుస్తుంది. మార్కుల మెమోకి దాంతో నష్టం లేదు. పొలం ఎఫ్‌ఎంబీ స్కెచ్ (కొలతల పటం) లాంటివి స్కేలు పెట్టి కొలుస్తారు కాబట్టి "యాక్చువల్ సైజ్" పెట్టమని షాపులో గట్టిగా చెప్పండి.

ఇక ఫొటో. వేరే దారి లేనప్పుడే. వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు తగ్గిపోతుంది. ఏ4 మీద ప్రింటు తీస్తే చిన్న అక్షరాలు, సీలు మీది పేరు మసకబారతాయి. అదే ఫొటోని "డాక్యుమెంట్"గా పంపితే ఉన్నది ఉన్నట్టు వస్తుంది. ఐఫోన్ తీసే హెచ్ఈఐసీ అనే ఫార్మాట్ ఫొటోలు పాత కంప్యూటర్లలో తెరుచుకోవు, జేపీజీ చేసుకుని పంపండి.

వెడల్పున్న ఎక్సెల్ షీటు నేరుగా ప్రింటిస్తే చివరి కాలమ్‌లు వేరే కాగితం మీదికి పోతాయి. వెడల్పు ఒక పేజీకి సరిపెట్టి, దాన్నీ పీడీఎఫ్ చేసి తెండి.