అవ్వ నగలకు కుంకుడు రసం, వంట సోడా, డిప్పు: నాలుగేళ్ళు వాడాక నా మాట

2021 నవంబరులో తిరుపతిలో పడిన వానలు ఊళ్ళో ఎవరూ మర్చిపోరు. మా ఇంట్లోకీ నీళ్ళొచ్చాయి. బీరువా అడుగు అరలో ఉన్న అవ్వ నగల డబ్బా సంగతి రెండు వారాలకు గానీ గుర్తు రాలేదు. మూత తీస్తే ముక్కిన వాసన. వెండి కడియాలు దోసె పెనంలా నల్లబడి ఉన్నాయి. అప్పట్నుంచి ఇంట్లో చేయగలిగినవి దాదాపు అన్నీ చేసి చూశాను. అందులో కొన్ని చేయకుండా ఉండాల్సింది.

ముందు కుంకుడు రసం గురించి చెబుతాను, ఇప్పటికీ మానకుండా వాడుతున్నది అదే. నాలుగైదు కాయలు కొట్టి, గింజలు తీసేసి, గోరువెచ్చని నీళ్ళలో గంట నానబెట్టి పిసకాలి. పాత పంచె గుడ్డలో వడకట్టడం మాత్రం తప్పనిసరి. లేదంటే తొక్క ముక్కలు గొలుసు కొక్కేల్లో ఇరుక్కుంటాయి, సూదితో తీసుకుంటూ కూర్చోవాలి. రాళ్ళు లేని గొలుసులు, కాసులపేరు, సూత్రాలు పది నిమిషాలు అందులో వేసి, పసిపిల్లల పళ్ళ బ్రష్షుతో మెల్లగా రుద్దితే చాలు. సూత్రాల వెనక పసుపు, చెమట, సబ్బు కలిసి గట్టిపడిన ముద్ద ఉంటుందే, అది నురగతో పాటు కారిపోతుంది. సబ్బు నీళ్ళతో కడిగితే పసుపు ఎర్రబారుతుంది, కుంకుడుతో అయితే పచ్చగానే దిగుతుంది. మా ఇంటి బంగారం 22 క్యారెట్లది. అంటే నూటికి 91.6 పాళ్ళు బంగారం, మిగతాది రాగీ వెండీ. మసకేసేది ఆ మిగతాదే. కానీ రోజూ వేసుకునే నగ మీద మసక కంటే మురికే ఎక్కువ, అది పోతే సగం కళ వచ్చేస్తుంది.

లోపాలూ ఉన్నాయి. రసం నిలవ ఉండదు, రెండో రోజుకే పులుస్తుంది. రెండు మూడు నీళ్ళలో జాడించకపోతే జిగట మిగులుతుంది. ఇంకొకటి, జాడించేది గిన్నెలోనే, సింకులో కాదు. మా అమ్మ కమ్మ మర ఒకటి సింకు కన్నంలోంచి ఎటు పోయిందో ఇంతవరకు తెలీదు.

పెద్ద తప్పు మాత్రం జడబిళ్ళ దగ్గర చేశాను. కెంపులు పొదిగిన పాతకాలం బిళ్ళ, సందుల్లో దుమ్ము పేరుకుని ఉంది. రాత్రంతా రసంలో వదిలేశాను. పొద్దున చూస్తే బిళ్ళ తళతళలాడుతోంది, రెండు రాళ్ళు మాత్రం ఎండిన దానిమ్మ గింజల్లా గోధుమరంగుకు తిరిగాయి. ఏడుపొక్కటే తక్కువ. గాంధీ రోడ్డు పక్క సందులో మాకు తెలిసిన ఆచారి ఉన్నాడు, పట్టుకుపోయి చూపిస్తే భూతద్దం పెట్టి చూసి, "రాళ్ళు బాగానే ఉండాయమ్మా, వెనకాల రేకు పాడైంది. దీన్ని నీళ్ళలో ఎవురు ఎయ్యమన్నారు?" అన్నాడు. ఇలాంటి పనితనంలో రాయి వెనక వైపు మూసి ఉంటుంది, లోపల లక్క, రాయి కింద మెరుపు కోసం పల్చటి రేకు. నీళ్ళు దూరితే ఆ రేకు మసిబారుతుంది, వేడి తగిలితే లక్క మెత్తబడుతుంది. రాళ్ళు ఊడదీసి, రేకు మార్చి మళ్ళీ కట్టించాల్సొచ్చింది. అప్పట్నుంచి దానికి పొడి బ్రష్షే. వెనక మూసి ఉన్న రాళ్ళ నగ ఏదైనా నేను తడపను, అంతే.

వెండి నలుపుకు కుంకుడు పనికిరాదు. ఆ నలుపు మురికి కాదు, గాలిలోని గంధకంతో వెండి కలిసి కట్టిన పొర. దానికి అల్యూమినియం రేకు చిట్కా నిజంగానే పనిచేస్తుంది. పింగాణీ గిన్నెలో చపాతీలు చుట్టే రేకు పరిచి, కప్పు వేడినీళ్ళకు ఒక పెద్ద చెంచా వంట సోడా కలిపి, కడియం రేకుకు ఆనేలా పెట్టాలి. కాసేపట్లో కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది. గంధకం వెండిని వదిలి అల్యూమినియం వైపు పోతోందన్న మాట. రుద్దే పనే లేదు.

మొదటి కడియం తీసి చూసి ఎంత సంబరపడ్డానో, రెండోదీ అయ్యాక పక్కపక్కన పెట్టి చూస్తే అంత దిగులేసింది. లతలు, పువ్వులు చెక్కిన గాడుల్లో ఏళ్ళ తరబడి నిలిచిన నలుపు కూడా పోయింది. ఆ నలుపు వల్లే చెక్కుడు కనబడేది. అదిప్పుడు సున్నం కొట్టిన గోడలా తెల్లగా, చప్పగా ఉంది. చెక్కుడు లేని పళ్ళెం, కుంకుమ భరిణెలకైతే ఈ పద్ధతికి పదికి తొమ్మిది వేస్తాను. పనితనం ఉన్న పాత వెండికి వద్దు. మెత్తటి గుడ్డతో ఎత్తుగా ఉన్న చోట్ల మాత్రం తుడిచి, గాడులు వదిలేయండి.

సీసాల్లో దొరికే సిల్వర్ డిప్పు, అంటే వెండిని ముంచి తీసే ద్రవం, క్షణాల్లో నలుపు తీసేస్తుంది. దాంట్లో ఉండేది థయోయూరియా అనే రసాయనం, ఆమ్లం. చేతులకు తొడుగులు, తెరిచిన కిటికీ తప్పవు. రెండుసార్లు వాడి అటక మీద పెట్టేశాను.

టూత్‌పేస్టు సంగతి మా వదినను అడగాలి. వెండి మీద బంగారు పూత వేసిన వంకీని పండక్కి మెరిపిద్దామని రుద్దింది. పూత లేచిపోయి తెల్ల వెండి బయటపడింది. చింతపండు, నిమ్మకాయ ఇత్తడి బిందెలకు బాగుంటాయి గానీ ముత్యాలకూ పగడాలకూ పులుపు తగలకూడదు, పైపొర తినేస్తుంది. కుంకుడులోనూ కాస్త పులుపు గుణం ఉంది కాబట్టి ముత్యాల గొలుసును తడి గుడ్డతో తుడిచి, నేల మీద పరిచి ఆరబెడతాను. వేలాడదీస్తే తడిసిన దారం సాగుతుంది.

ఇన్ని చేశాక తెలిసిందేమంటే, దాచడం బాగుంటే తోమే పని సగానికి సగం తగ్గుతుంది. ఇప్పుడు ఒక్కో నగ విడిగా తెల్ల నూలు గుడ్డలో చుట్టి, డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేస్తున్నాను. రబ్బరు బ్యాండు మాత్రం వేయకండి. పట్టీల జతకు ఒకటి చుట్టి మర్చిపోతే, అది ఆనిన చోటల్లా నల్లటి గీత పడింది. రబ్బరులోనూ గంధకం ఉంటుంది మరి.

మొన్న డబ్బా తీస్తే, కడియాల గాడుల్లో మళ్ళీ సన్నగా నలుపు చేరుతోంది. ముట్టుకోకుండా గుడ్డ చుట్టి పెట్టేశాను.