చేతిలో తుపాకీ, చేతికి బేడీ: ఎన్‌కౌంటర్ మేలా, కోర్టు మేలా?

రాయచోటిలో 2025 జూన్ నెలాఖరున తమిళనాడు పోలీసులు ఇద్దరిని పట్టుకుపోయిన తర్వాత చాలా రోజులు కడపలో ఎవరిని కదిలించినా అదే మాట. బాంబు కేసుల్లో దాదాపు ముప్పై ఏళ్లుగా వెతుకుతున్న నిందితులట. పేర్లు మార్చుకుని, చిన్న వ్యాపారాలు చేసుకుంటూ, పెళ్లాం పిల్లలతో కాపురం ఉన్నారట. ఆనక మన పోలీసులు వాళ్ల ఇళ్లు సోదా చేస్తే పేలుడు పదార్థాలు బయటపడ్డాయి. రాయచోటి 2022 దాకా కడప జిల్లాలోదే. అక్కడ చుట్టమో స్నేహితుడో లేని కుటుంబం మా ఊళ్లో అరుదు. భయం వేసింది, కోపమూ వచ్చింది.

ఏడు రోడ్ల దగ్గర టీ కొట్టు కాడ ఆ కోపం ఇట్లా వినబడింది: "ఈళ్లకు కోర్టులేంది అన్నా, దొరికినకాడ్నే ఏసేసుంటే పీడ పోయుండేది." పక్కనే ఉన్న ఇంకొకాయన, అంత గట్టిగా కాకపోయినా, జవాబు చెప్పినాడు: "ఏసేస్తే ఈళ్ల ఎనకాల ఎవరుండారో ఎట్ల తెలుస్తాది?"

నేను రెండో ఆయన పక్షం. దాచుకోను. అయితే మొదటి ఆయన మాటలో ఉన్న బలాన్ని తూచకుండా ఈ తగువు తేలదు.

కాల్చేయమనేవాళ్ల బాధ ఎక్కడిది?

వాళ్లకు రక్తదాహం అని కొట్టిపారేయడం అన్యాయం. హైదరాబాదులో గోకుల్ చాట్ దుకాణం దగ్గర, లుంబినీ పార్కులో 2007 ఆగస్టు 25న బాంబులు పేలి 42 మంది చనిపోయారు. కింది కోర్టు తీర్పు వచ్చేసరికి 2018 సెప్టెంబరు. దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్లు 2013 ఫిబ్రవరి 21న జరిగితే, 2016 డిసెంబరులో జాతీయ దర్యాప్తు సంస్థ (ఎన్ఐఏ) కోర్టు ఐదుగురికి ఉరిశిక్ష వేసింది. దాన్ని హైకోర్టు ఖాయం చేసింది 2025 ఏప్రిల్‌లో. బిడ్డను పోగొట్టుకున్న తల్లిని ఇన్నేళ్లు ఓపిక పట్టమనే నోరు ఎవరికుంది?

సీమలో దీనికి ఇంకో అనుభవం కూడా తోడైంది. ఫ్యాక్షన్ రోజుల్లో పట్టపగలు, నలుగురూ చూస్తుండగా జరిగిన హత్యల్లో కూడా సాక్షి నిలబడని కేసులు ఎన్నో. స్టేషన్లో చెప్పినవాడే బోనెక్కి "నేను సూడలేదు సామీ" అనేవాడు. పెద్దమనుషులు రాజీ కుదిర్చేవాళ్లు, కేసు పోయేది. ఇది చూస్తూ పెరిగినవాళ్లకు కోర్టు అంటే గురి కుదరకపోవడం సహజం. కానీ అదే ఫ్యాక్షన్ మన కళ్లకు ఇంకోటి కూడా చూపించింది. కోర్టు చేయలేనిది కత్తి చేస్తుందని నమ్మిన ఊళ్లలో ఒకరికి బదులు ఒకరు పోయారు, ఏ పాపం ఎరగని తమ్ముళ్లూ బావమరుదులూ పోయారు, పగ మాత్రం పోలేదు. ఈ రెండో సగాన్ని మనం ఎందుకు అంత తొందరగా మరిచిపోతామో నాకు అర్థం కాదు.

హెడ్ కానిస్టేబులుగా చేసి రిటైరైన మా చిన్నాయనతో ఈ మాటే ఎత్తితే ఆయనకు కోపం వచ్చింది. "నాయనా, నువ్వు కుర్చీలో కూచోని మాట్లాడతాండావు. రాత్రిపూట ఒకింటి తలుపు తట్టినప్పుడు లోపల ఏముండాదో తెలీకుండా నిలబడు, అప్పుడు తెలుస్తాది. నా చేతిలో ఉండేది లాఠీ. వాడి చేతిలో ఏముండాదో వాడికే ఎరుక."

ఆ మాట కాదనలేం. సూర్యాపేటలో జరిగింది అదే కదా. 2015 ఏప్రిల్ 1 అర్ధరాత్రి బస్టాండులో మామూలు తనిఖీ. ఇద్దరు అనుమానితులు ఉన్నట్టుండి తుపాకులు తీసి కాల్చారు. కానిస్టేబుల్ లింగయ్య, హోంగార్డు మహేశ్ చనిపోయారు. కాల్చినవాళ్లు 2013లో మధ్యప్రదేశ్‌లోని ఖండ్వా జైలు నుంచి తప్పించుకున్న నిషేధిత సంస్థ సిమి మనుషులని తర్వాత తేలింది. ఏప్రిల్ 4న జానకీపురం దగ్గర ఎదురుకాల్పుల్లో ఆ ఇద్దరూ హతమయ్యారు. కానిస్టేబుల్ నాగరాజు ప్రాణం అక్కడే పోయింది. ఎస్సై సిద్ధయ్య తర్వాత ఆస్పత్రిలో కన్నుమూశారు. ఇక్కడ పోలీసు కాల్చి ఉండాల్సింది కాదనే మనిషిని నేను చూడలేదు. చట్టమూ అనదు. ఆత్మరక్షణ హక్కు భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు ఉన్న సెక్షన్లలో అందరికీ ఉంది, ఖాకీ వేసుకున్నవాళ్లకూ ఉంది.

మూడు రోజుల తేడాలో ఇంకో సంఘటన

జానకీపురం తర్వాత మూడు రోజులకు, ఏప్రిల్ 7న, అదే ఉమ్మడి నల్గొండ జిల్లాలో ఆలేరు దగ్గర పోలీసు వ్యానులో ఐదుగురు విచారణ ఖైదీలు చనిపోయారు. పోలీసులను చంపిన కేసులతో సహా తీవ్రమైన ఆరోపణలున్న వికారుద్దీన్, మరో నలుగురు. వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు తీసుకెళ్తుండగా ఆయుధం లాక్కోబోయారని, అందుకే కాల్చామని పోలీసులు చెప్పారు. మరుసటి రోజు పత్రికల్లో వచ్చిన ఫొటోలు చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది: సీట్లలోనే ఒరిగిపోయిన శరీరాలు, చేతులకు బేడీలు. తెలంగాణ ప్రభుత్వం ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేయాల్సి వచ్చింది.

ఏది మేలు అన్న ప్రశ్నను ఈ రెండు సంఘటనల మధ్య పెట్టి చూడాలి. జానకీపురంలో అవతలివాడి చేతిలో తుపాకీ ఉంది. ఆలేరులో అవతలివాడి చేతికి బేడీ ఉంది. నిందితులు ఎంత ఘోరమైనవాళ్లన్నది రెండుచోట్లా ఒకటే కావచ్చు. తూటా న్యాయమా కాదా అని తేల్చేది మాత్రం ఆ క్షణంలో వాళ్ల వల్ల ఎవరి ప్రాణానికి ముప్పు ఉందన్నదే. పాత నేరం ఎంత పెద్దదైనా ఆ క్షణానికి సాక్ష్యం కాదు. నాకు ఇంకా బాధ కలిగించేది ఏమిటంటే, ఆలేరు వల్ల జానకీపురంలో ప్రాణాలిచ్చినవాళ్ల మీద కూడా అనుమానపు నీడ పడింది. నిజంగా పోరాడి చనిపోయిన పోలీసును ఇంతకంటే అవమానించేది ఏముంటుంది?

అదే ఏప్రిల్ 7న మన శేషాచలం కొండల్లో, చంద్రగిరి వైపు, ఎర్రచందనం నరకడానికి వచ్చారని 20 మందిని కాల్చారు. రాళ్లతో, కొడవళ్లతో దాడి చేశారన్నది పోలీసుల మాట. వాళ్లు ఉగ్రవాదులు కారు, తమిళనాడు నుంచి వచ్చిన కూలీలు. ఈ కొండలు అటు తిరుపతి నుంచి ఇటు రాజంపేట, ఒంటిమిట్ట దాకా మనవే. కాబట్టి "ఉగ్రవాదికి మాత్రమే" అని గీసిన గీత ఎక్కడ ఆగుతుందన్నది సీమవాళ్లకు దూరపు ప్రశ్న కాదు.

ప్రాణాలతో పట్టుకుంటే ఒరిగేదేమిటి?

పట్టుకోవడం కుదరదు, ఆ మాటలు పుస్తకాల్లోనివి అనేవాళ్లకు పుత్తూరును గుర్తు చేయాలి. 2013 అక్టోబరు 5న చిత్తూరు జిల్లా పుత్తూరులో ఒక ఇంట్లో దాక్కున్న ఇద్దరిని తమిళనాడు పోలీసులు, ఉగ్రవాదులను ఎదుర్కొనే మన ఆక్టోపస్ దళం చుట్టుముట్టారు. తమిళనాడులో రాజకీయ నాయకుల హత్యల కేసుల్లో వెతుకుతున్నవాళ్లు. తలుపు దగ్గరే తమిళనాడు ఇన్‌స్పెక్టర్ ఒకరు తీవ్రంగా గాయపడ్డారు. తోటి అధికారి నెత్తురు కళ్లజూసిన తర్వాత కూడా గంటల తరబడి ఆగారు, బాష్పవాయువు వదిలారు, మాట్లాడారు. లోపలున్న స్త్రీ, పిల్లలు క్షేమంగా బయటికి వచ్చారు. చివరికి ఆ ఇద్దరూ ప్రాణాలతో దొరికారు. కాల్చడానికి అంతకంటే మంచి సాకు ఏ పోలీసుకూ దొరకదు. వాళ్లు వాడుకోలేదు. పుత్తూరు పోలీసుల మీద నాకున్న గౌరవం ఇంతా అంతా కాదు.

ముంబయిలో 2008 నవంబరు 26 రాత్రి ఇంకా పెద్ద ఉదాహరణ. గిర్గావ్ చౌపాటీ దగ్గర అసిస్టెంట్ సబ్ ఇన్‌స్పెక్టర్ తుకారాం ఓంబ్లే లాఠీ మాత్రమే చేతపట్టి ఉగ్రవాది కసబ్ తుపాకీ గొట్టాన్ని పట్టుకుని, తూటాలు ఒంట్లో దిగుతున్నా వదల్లేదు. ఆయన చనిపోయారు, కసబ్ ప్రాణాలతో దొరికాడు. వచ్చిన పదిమందిలో మిగతా తొమ్మిది మందీ చనిపోయారు. ఎవరు శిక్షణ ఇచ్చారు, కరాచీ నుంచి ఎట్లా వచ్చారు అన్నది నోరు తెరిచి చెప్పడానికి మిగిలింది ఆ ఒక్కడే. పాకిస్తాన్ తమకేమీ తెలియదన్నప్పుడు ప్రపంచం ముందు మన దగ్గరున్న బలమైన రుజువు బతికున్న ఆ మనిషే. ఆలస్యం సంగతికొస్తే, 2010 మేలో ఉరిశిక్ష పడింది, 2012 ఆగస్టులో సుప్రీంకోర్టు ఖాయం చేసింది, నవంబరు 21న ఎరవాడ జైల్లో ఉరి తీశారు. మొత్తం నాలుగేళ్ల లోపే. పట్టుదల ఉంటే కోర్టులూ నడుస్తాయి.

రాయచోటిలోనూ అంతే. ముప్పై ఏళ్లు ఆశ్రయం ఎవరిచ్చారు, ఆ సామాను ఎక్కడి నుంచి వచ్చింది? శవం ఈ ప్రశ్నలకు జవాబు చెప్పదు.

అనుమానం తప్పైతే?

నాకు అన్నిటికంటే బరువుగా తోచేది ఇది. మక్కా మసీదులో 2007 మే 18న బాంబు పేలింది. హైదరాబాదు పోలీసులు పదుల సంఖ్యలో ముస్లిం యువకులను ఎత్తుకుపోయారు. కొన్నేళ్లకు కోర్టులు వాళ్లను నిర్దోషులని వదిలేశాయి. దర్యాప్తు పూర్తిగా వేరే దారి పట్టి, వేరేవాళ్లు నిందితులయ్యారు. 2018 ఏప్రిల్‌లో వాళ్లూ విడుదలయ్యారు. గుజరాత్‌లోని అక్షరధామ్ ఆలయం కేసు చూడండి. 2002లో ఆలయంలోకి చొరబడి కాల్పులు జరిపిన ఇద్దరినీ కమాండోలు అక్కడే మట్టుబెట్టారు, దానిమీద ఎవరికీ పేచీ లేదు. కుట్రదారులని తర్వాత పట్టుకున్న ఆరుగురిని, అందులో ముగ్గురు ఉరిశిక్ష పడ్డవాళ్లు, 2014 మే 16న సుప్రీంకోర్టు నిర్దోషులుగా విడిచిపెట్టింది. మొదటి రోజే "ఏసేసి" ఉంటే ఈ మనుషులంతా ఈపాటికి ఉగ్రవాదుల లెక్కలో సమాధుల్లో ఉండేవాళ్లు. అసలు దోషుల కోసం వెతకడం కూడా ఆ రోజుతోనే ఆగిపోయేది.

ఆత్మాహుతి దాడికి వస్తున్నవాడి విషయంలో ఆగే వ్యవధి ఉండదు కదా అన్నది కాల్పుల పక్షాన గట్టి వాదన. నిజమే. లండన్‌లో 2005 జూలై 7 దాడుల్లో 52 మంది పోయాక అక్కడి పోలీసులు సరిగ్గా ఈ ఆలోచనతోనే ఉన్నారు. జూలై 22న ఒక యువకుడిని రైల్లో కూర్చుని ఉండగా తలలో ఏడుసార్లు కాల్చారు. అతని పేరు జాన్ చార్లెస్ డి మెనెజెస్, బ్రెజిల్ నుంచి వచ్చిన ఎలక్ట్రీషియన్. చేసిన తప్పల్లా అనుమానితుడు ఉండే భవనంలోనే కాపురం ఉండటం. ఆ పొద్దున గుమ్మం మీద నిఘా వేసినవాడు మూత్రానికి వెళ్లడంతో, బయటికి వచ్చింది ఎవరో సరిగ్గా చూసినవాళ్లే లేకపోయారు. అంత శిక్షణ ఉన్న బలగమే అంత చిన్న జారుపాటుతో ఒక అమాయకుడిని చంపింది. అయినా అక్కడ విచారణ జరిగింది, బహిరంగంగా ప్రశ్నలు వేశారు, పోలీసు శాఖకు 2007లో కోర్టు జరిమానా వేసింది. కాల్చిన అధికారుల మీద కేసు పెట్టకపోవడం ఆ కుటుంబానికి తీరని గాయమే.

కాల్చక తప్పనప్పుడు కూడా

మన దగ్గర ఈ లెక్క అడగడం కొత్త కాదు. ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం ఫిర్యాదుల మీదే జాతీయ మానవ హక్కుల కమిషన్ 1996లో ఆదేశాలిచ్చి, 1997లో అన్ని రాష్ట్రాలకూ మార్గదర్శకాలు పంపింది. సుప్రీంకోర్టు 2014 సెప్టెంబరు 23న పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంస్థ వేసిన కేసులో 16 సూచనలు చేసింది. ఎన్‌కౌంటర్‌లో ఎవరైనా చనిపోతే ఎఫ్ఐఆర్ కట్టాలి, సీఐడీ గానీ వేరే స్టేషన్ బృందం గానీ దర్యాప్తు చేయాలి, మేజిస్ట్రేట్ విచారణ జరగాలి. కాల్పులు జరిగిన వెంటనే ప్రమోషన్లూ శౌర్య పతకాలూ ఇవ్వకూడదు. ఇవి పోలీసుల చేతులు కట్టేయడానికని మా చిన్నాయన అంటాడు. ఈ ఒక్క విషయంలో ఆయనతో నేను ఏకీభవించలేను. నిజంగా ఎదురుకాల్పులు జరిగినచోట విచారణ పోలీసును కాపాడుతుంది.

2019 డిసెంబరులో చటాన్‌పల్లిలో దిశ కేసు నిందితులు నలుగురు చనిపోయినప్పుడు జనం పోలీసుల మీద పూలు చల్లారు. 2022లో బయటికొచ్చిన సిర్పుర్కర్ కమిషన్ నివేదిక చంపే ఉద్దేశంతోనే కాల్చారని, పదిమంది పోలీసుల మీద హత్య విచారణ జరగాలని చెప్పింది. పూలు చల్లినవాళ్లెవరూ ఆ పదిమంది తరఫున కోర్టు మెట్లు ఎక్కరు.

కోర్టే మేలు అనేవాళ్లం కోర్టు కుంటితనానికి కూడా బాధ్యత పడాలి. నావరకు అన్నిటికంటే ముందు కావాల్సింది సాక్షికి ధైర్యం. 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు సాక్షుల రక్షణ పథకాన్ని ఆమోదించి దేశమంతా అమలు చేయమంది. దాని ప్రకారం ప్రతి జిల్లాలో జిల్లా జడ్జి అధ్యక్షతన ఒక కమిటీ ఉండాలి, అందులో పోలీసు అధికారి, ప్రాసిక్యూషన్ అధికారి సభ్యులు. సాక్షి దరఖాస్తు పెట్టుకుంటే ముప్పు ఎంతో పోలీసుల దగ్గర నివేదిక తెప్పించుకుని, ఇంటి దగ్గర కాపలా పెట్టడం నుంచి కొన్నాళ్లు ఊరు మార్చడం దాకా ఆ కమిటీ ఆదేశించవచ్చు. కడప కోర్టు ఆవరణలో వాయిదాల కోసం చెట్ల కింద కూర్చునేవాళ్లలో ఈ కమిటీ పేరు విన్నవాళ్లు నాకు ఇంతవరకు తగల్లేదు. అక్కడి లాయర్లు, మన కాలేజీల్లోని లా విద్యార్థులు ముందు ఆ దరఖాస్తు ఎట్లా రాయాలో జనానికి చెప్పడం మొదలుపెడితే బాగుంటుంది.