జాగ్రత్త: గుర్రప్పిల్లకు బీజాలు తీస్తామంటూ సగం మత్తే ఇస్తున్నారు

మగ గుర్రప్పిల్లను కొని బీజాలు తీయించాలనుకుంటున్నవాళ్లు ఇది చదివాకే అడ్వాన్సు ఇవ్వండి. "ఇంటికే వచ్చి చేస్తాం, మత్తుతో సహా ఇంత" అనేవాళ్లలో కొందరు ఇచ్చేది జైలజీన్ ఒక్కటే. దానితో వచ్చేది మగత మాత్రమే. తల వేలాడుతుంది, కింది పెదవి జారుతుంది, చూసేవాళ్లకు నిద్రపోయినట్టే ఉంటుంది. కత్తి తగలగానే గురి చూసినట్టు తన్నుతుంది. ఆ తర్వాత తాళ్లు, నలుగురు మనుషులు, పై పెదవికి మెలితాడు.

పడుకోబెట్టి చేసేటప్పుడు రెండు మందులు తప్పనిసరి. 300 కిలోల పిల్లకు కిలోకు 1.1 మి.గ్రా. చొప్పున 330 మి.గ్రా. జైలజీన్ మెడ సిరలోకి ఇవ్వాలి. ఐదు నిమిషాలు ఆగి, తల బాగా కిందికి దిగాకే అసలు మత్తు మందైన కెటమైన్, కిలోకు 2.2 చొప్పున 660 మి.గ్రా. అంటే మి.లీ.కు 50 మి.గ్రా. ఉండే సీసాలోంచి 13 మి.లీ. దానికి కొంచెం డయజిపామ్ కలిపితే కండరాలు బిగుసుకోవు. మగత బాగా ఎక్కకముందే కెటమైన్ పొడిస్తే గుర్రం రెచ్చిపోతుంది, ఫిట్స్ కూడా రావచ్చు. సిర పక్కనే ధమని ఉంటుంది. మందు అందులోకి పోతే అక్కడికక్కడే కుప్పకూలుతుంది. అందుకే తెలిసినవాళ్లు ముందు సూది ఒక్కదాన్నే గుచ్చి, రక్తం కారుతోందా చిమ్ముతోందా చూస్తారు.

పడ్డాక చేతిలో ఉండేది పది, పదిహేను నిమిషాలే. ఒక్కో బీజంలోకి ఆ చోటును మొద్దుబార్చే 2 శాతం లిగ్నోకెయిన్ 10 మి.లీ. ఎక్కిస్తే, బీజం వేలాడే నరాల తాడు లాగినప్పుడు నొప్పి తెలియదు. ఇంత చౌక మందును ఎందుకు మిగుల్చుకుంటారో అర్థం కాదు! మధ్యలో కదిలితే ఇవ్వడానికి మొదటి మోతాదులో సగం సిరంజీల్లో సిద్ధంగా ఉండాలి.

సగం మత్తు ఎందుకంటే, కెటమైన్ షెడ్యూల్ ఎక్స్ మందు. డాక్టరు చీటీ లేనిదే షాపులో దొరకదు. కాబట్టి వచ్చినవాళ్లను రాష్ట్ర వెటర్నరీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. ఇంకో కారణం పశువుల మోతాదు అలవాటు. ఆవుకు గుర్రానికి ఇచ్చే జైలజీన్‌లో పదో వంతు చాలు. మి.లీ.కు 20 మి.గ్రా. ఉండే సీసాతో ఈ పిల్లకు 16 మి.లీ. పైనే పడుతుంది. మూడు నాలుగు మి.లీ. ఎక్కించి "అయిపోయింది" అంటే నమ్మకండి. ఎద్దులకు కోయకుండా బీజాలు నొక్కే పట్టకారు, బర్డిజో, పట్టుకొస్తే అసలు గేటు దాటనివ్వద్దు.

నిలబెట్టి చేయడం తప్పేమీ కాదు. సాధువైన పిల్లకు, జైలజీన్‌తో నొప్పి మందు బ్యూటార్ఫనాల్, లిగ్నోకెయిన్ కూడా ఇస్తేనే. అసెప్రోమజీన్ అనే ఇంకో మగత మందు మాత్రం మగ గుర్రానికి వద్దనండి, లింగం జారి లోపలికి పోకుండా ఉండిపోయే ప్రమాదం ఉంది.

రెండు బీజాలూ సంచిలోకి దిగాయో లేదో ముందే తడిమి చూడాలి. ఒకటే చేతికి తగిలితే అది పెరట్లో చేసే పని కాదు, ఆపరేషన్ థియేటర్ ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ధనుర్వాతం టీకా తప్పనిసరి. అయ్యాక కళ్లకు గుడ్డ కప్పి, తనంతట తాను లేచేదాకా కదపకండి. చుక్కలు లెక్కపెట్టగలిగేలా రక్తం కారితే పర్వాలేదు. ధారగా కారుతూ పావుగంట దాటినా, గాయంలోంచి పేగు కనిపించినా వెంటనే డాక్టరును పిలవండి. అందుకే చేసిన మనిషిని కనీసం రెండు గంటలు అక్కడే ఉంచి, బాకీ డబ్బు ఆ తర్వాతే ఇవ్వండి.