ఎయిర్ రైఫిల్ బాగుంది, ముందు సైటే వంకర: నాలుగు స్టార్లు

తుపాకీ మంచిదే, ముందే చెప్పేస్తున్నా. మన దేశంలో తయారైన 4.5 మిల్లీమీటర్ల స్ప్రింగు ఎయిర్ రైఫిల్, బ్యారెల్ విరిచి, అంటే కీలు దగ్గర కిందికి వంచి, గుండు పెట్టే రకం. ట్రిగ్గర్ కాస్త బరువు, కానీ ప్రతిసారీ ఒకే చోట వదులుతుంది. చెక్క పని నున్నగా ఉంది. ఒక స్టారు కోసింది బ్యారెల్ చివరన గురి చూడ్డానికి ఉన్న ముందు సైటు దగ్గర, ఇంకా చెప్పాలంటే దాని గురించి ఫోన్ చేస్తే అమ్మినవాళ్లు చెప్పిన సమాధానం దగ్గర.

మాది గాజువాక. ఆటోనగర్‌లో లేత్ మీద పని నాది. అర మిల్లీమీటరు తేడా ఉన్నా నా కంటికి ఆనుతుంది. పెట్టె విప్పి చూస్తే సైటు పోస్టు, అంటే గురి చూసే నిలువు పుల్ల, కుడికి ఒరిగి ఉంది. మా ఆవిడకి చూపిస్తే “బానే ఉంది కదా, మీకన్నీ వంకరే” అంది. మా అమ్మాయి మాత్రం వెనక నుంచి ఒక కన్ను మూసి చూసి “నాన్నా, ఇది పక్కకి చూస్తోంది” అనేసింది. అది నేర్చుకోడానికే కొన్నాను, కాబట్టి దాని మాటే లెక్క.

డాబా మీద 10 మీటర్లు కొలిచి, పాత బట్టలు కుక్కిన చెక్క పెట్టెకి కార్డు అంటించి కొడితే గుండ్లన్నీ ఒక దగ్గరే పడ్డాయి, కానీ మధ్యకి 4 సెంటీమీటర్లు ఎడమకి. గుండ్లు గుంపుగా పడుతున్నాయంటే బ్యారెల్ తప్పు కాదు. ఈ పోస్టుకీ, కంటి వైపు గాడి ఉన్న వెనక సైటుకీ మధ్య దూరం కొలిస్తే 45 సెంటీమీటర్లు. లెక్క సులువు: 40ని 450తో గుణించి 10,000తో భాగిస్తే 1.8. అంటే పోస్టు మొన పక్కకి తప్పింది రెండు మిల్లీమీటర్లు కూడా లేదు. అంత చిన్న తేడా కార్డు మీద నాలుగు సెంటీమీటర్లవుతుంది.

ఫోన్లో కుర్రాడు మర్యాదగానే మాట్లాడాడు. “వెనక సైటు తిప్పుకోండి సార్, సరిపోతుంది. లేదంటే పంపించండి, కొరియర్ ఖర్చు మీది” అన్నాడు. వెనక సైటు తిప్పితే గుండు మధ్యకి వస్తుంది, నిజమే. కానీ మరలో తిరగాల్సిందంతా ఒకవైపుకే తిరిగిపోయి చివరికొచ్చేస్తుంది. పైగా ఒరిగిన పోస్టుని చూస్తూ గురి పెట్టేవాళ్లు తెలీకుండానే దాన్ని నిటారుగా చూడ్డానికి తుపాకీనే వంచుతారు. తుపాకీ ఎటు వంగితే గుండు అటు, కాస్త కిందికి పోతుంది. నేర్చుకునే పిల్లకి మొదట్లోనే ఆ అలవాటు పడితే మాన్పించడం నా వల్ల కాదు. బీచ్ రోడ్డులో బుడగల బోర్డు దగ్గర వంకర సైట్ల తుపాకులు చూశారు కదా, వాటితో కొట్టి కొట్టి పక్కకి గురి పెట్టడం అలవాటైన కుర్రాళ్లు నాకు బాగా తెలుసు.

అందుకని ఇంట్లోనే సరిచేశాం. మొదట బ్యారెల్ విరిచి లోపల గుండు లేదని వెలుతురుకి చూసుకోవాలి, తర్వాత మూసెయ్యాలి. విరిచి ఉండగా ట్రిగ్గర్ జోలికి పోకూడదు. బ్యారెల్ ఒక్కసారిగా పైకి లేచి మూసుకుంటే వేళ్లు పోతాయి, బ్యారెలూ వంగుతుంది. అలా వంగిన తుపాకీ పైకి కొడుతుంది, దాన్ని ఏ సైటూ కాపాడదు.

బెంచి వైసుకి తువ్వాలు చుట్టి తుపాకీని పట్టించాను. టెలిస్కోపు బిగించే పట్టా మీద అడ్డంగా చిన్న రసమట్టం పెట్టి బుడగ మధ్యకి తెచ్చాను. ఎదురు గుమ్మానికి తూకం గుండు వేలాడదీస్తే సముద్రం గాలికి దారం ఒక్క క్షణం నిలబడదు. గుండుని నీళ్ల బకెట్లో ముంచితే నిలబడింది, మేస్త్రీలు చేసేదే. ఇక వెనక సైటు గాడిలోంచి చూస్తే తెల్ల దారం పక్కన నల్ల పోస్టు ఎంత ఒరిగిందో ఎవరికైనా తెలిసిపోతుంది, మా ఆవిడ కూడా ఒప్పుకుంది.

సైటు అడుగున గ్రబ్ స్క్రూ, అంటే తల లేని చిన్న మర, ఒకటుంటుంది. ఫ్యాక్టరీలో జిగురు వేసి బిగిస్తారు, దాన్ని తిప్పే ఆరు పలకల అలెన్ కీ నాసిరకంది పెడితే మూలలు అరిగిపోతాయి. మంచి కీ నిండా దిగేలా పెట్టి నెమ్మదిగా వదులు చెయ్యాలి. తిప్పేముందు సైటు మీద, బ్యారెల్ మీద కలిపి పెన్సిలు గీత గీశాను. సూత్రం ఇది: వెనక సైటుని గుండు ఎటు పోవాలో అటు జరపాలి, ముందు సైటుని గుండు ఎటు పడుతోందో అటే జరపాలి. మాకు ఎడమకి పడుతోంది కాబట్టి పోస్టుని ఎడమకి తిప్పాం. పెన్సిలు గీత దగ్గర కదిలింది ముప్పావు మిల్లీమీటరు కూడా లేదు, పైన మొన దగ్గర అదే రెండుకి దగ్గరైంది. చేత్తో తిప్పితే చాలు, సుత్తి వద్దు. కొన్ని రకాల్లో సైటు గాడిలో దూరి ఉంటుంది, వాటిని మాత్రం ఇత్తడి కడ్డీ ఆనించి మెల్లగా తట్టాలి. ఇనుప పంచ్ పెడితే గీతలు పడి, మన గాలికి ఆ గీతల్లోనే తుప్పు మొదలవుతుంది.

కాస్త బిగించి కొట్టి చూసి, తర్వాత గట్టిగా బిగించాం. మిగిలిన చిన్న తేడా వెనక సైటు రెండు క్లిక్కులతో పోయింది. స్టాక్, అంటే చెక్క భాగం, బిగించే స్క్రూలు కూడా ఓసారి చూసుకోండి, అవి వదులైతే ఈ కష్టమంతా వృథా.

ఇదంతా లైసెన్సు అక్కర్లేని ఎయిర్ రైఫిల్ సంగతి. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం బ్యారెల్ లోపలి వ్యాసం 4.5 మిల్లీమీటర్లు, గుండు శక్తి 20 జౌళ్లు దాటనివాటికి లైసెన్సు అడగరు. మందుగుండు తుపాకీ అయితే మీరు చెయ్యి పెట్టకండి, లైసెన్సున్న గన్‌స్మిత్‌కి ఇవ్వండి.

కొనొచ్చా అంటే, అలెన్ కీ పట్టుకోవడం వచ్చినవాళ్లు నిస్సంకోచంగా కొనండి. రానివాళ్లు దుకాణంలోనే వెనక నుంచి చూసి, పోస్టు నిటారుగా ఉన్నది ఏరి తీసుకోండి, బిల్లు ఆ తర్వాతే.