చుట్టాల ఇళ్లకు రైల్లో: ఫ్యామిలీ అండ్ ఫ్రెండ్స్ రైల్‌కార్డు

ఇంగ్లండ్‌లో నలుగురైదుగురు కలిసి రైలెక్కాలంటే టికెట్ల ధర చూసి కారే నయమనిపిస్తుంది. మా ఇంట్లో ఆ లెక్క మార్చింది టికెట్ల మీద తగ్గింపు ఇచ్చే ఈ ఫ్యామిలీ అండ్ ఫ్రెండ్స్ రైల్‌కార్డే. కొన్నేళ్లుగా ఏటా కొంటున్నాం. బడి వయసు పిల్లలున్న ఇంట్లో ఇది తప్పక ఉండాలంటాను.

ధర ఏడాదికి 35 పౌండ్లు, 2025 మార్చికి ముందు 30 ఉండేది. ఒక్క కార్డు మీద నలుగురు పెద్దలు, నలుగురు పిల్లలు వెళ్లవచ్చు. పెద్దల ఛార్జీలో మూడో వంతు, పిల్లల ఛార్జీలో 60 శాతం తగ్గుతుంది. కార్డు మీద పేరున్న ఇద్దరిలో ఒకరు, 5 నుంచి 15 ఏళ్ల పిల్లల్లో కనీసం ఒకరు ప్రయాణంలో ఉంటే చాలు, మిగతావారు ఎవరైనా కావచ్చు. విజయవాడ నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉన్న నెలల్లో ఈ వెసులుబాటు విలువ బాగా తెలిసివచ్చింది.

మేముండేది రెడింగ్‌లో, అక్కాబావలు బర్మింగ్‌హామ్‌లో. శనివారం పొద్దున బయలుదేరి ఆక్స్‌ఫర్డ్‌లో దిగుతాం. అక్కడ స్నేహితుల ఇంట్లో కాఫీ తాగి, కాసేపు కబుర్లు చెప్పుకొని, తర్వాతి రైల్లో అక్క దగ్గరికి వెళ్తాం. ఇలా నడుమ దిగే వీలు సాధారణంగా ఆఫ్-పీక్ టికెట్టుకు, అంటే రద్దీ లేని వేళల్లో చెల్లే టికెట్టుకు ఉంటుంది. ముందుగా కొనే అడ్వాన్స్ టికెట్టు చవకే కానీ అందులో రాసిన రైలే ఎక్కాలి, మధ్యలో దిగి ఆగడానికి వీల్లేదు. చుట్టాల ఇళ్లకు వెళ్లేవారికి అది పనికిరాదని నా గట్టి అభిప్రాయం. ఐదున్నరకు రైలుందంటే మా అక్క వింటుందా? అన్నం పెట్టనిదే గడప దాటనివ్వదు. ఆఫ్-పీక్ రిటర్న్ (రానూపోనూ టికెట్టు) చేతిలో ఉంటే ఆ కంగారు ఉండదు. తిరుగు ప్రయాణానికి నెల గడువుంటుంది కాబట్టి, అమ్మకు కూతురి దగ్గర ఉండాలనిపిస్తే అందరం ఆ రాత్రికి అక్కడే పడుకుంటాం.

ఆక్స్‌ఫర్డ్ దాటాక బాన్‌బరీ వరకు రైలు చెర్వెల్ నది లోయ వెంట సాగుతుంది. గొర్రెల మందలు, కాలువలో పొడవాటి పడవలు కనిపిస్తే నాన్న మనవరాలిని పిలిచి చూపిస్తారు. బల్ల ఉన్న సీట్లు దొరికితే ఎదురెదురుగా కూర్చుని పులిహోర డబ్బా తెరుస్తాం. కారులో ఈ సుఖం ఎక్కడిది?

ఇబ్బందులూ ఉన్నాయి. శనివారాల్లో రైలు పెట్టెలు కిక్కిరిసిపోతాయి, అందుకే సీట్లు ముందుగా రిజర్వు చేసుకోండి. చాలా రైళ్లలో దానికి విడిగా డబ్బు కట్టనక్కర్లేదు. ఆదివారాలు పట్టాల మరమ్మతులు జరుగుతూ రైలుకు బదులు బస్సెక్కాల్సి రావచ్చు. పెద్దవాళ్లతో అది నిజంగా యాతన, బయలుదేరే ముందు వేళలు చూసుకోవడం తప్పనిసరి. పూర్తిగా లండన్, ఆగ్నేయ ప్రాంతంలోనే సాగే ప్రయాణాలకు పనిదినాల ఉదయపు రద్దీలో కార్డు చెల్లదు. రైలు బాగా ఆలస్యమైతే పరిహారం కోరవచ్చు. 28 రోజుల్లోగా అడగాలి.

అమ్మకు మోకాళ్ల నొప్పులు. రెండు గంటల ముందు ఫోను చేస్తే స్టేషన్‌లో సిబ్బంది వచ్చి రైలెక్కించడం, దించడం చేస్తారు, దీనికి రుసుము లేదు. పెద్దవాళ్లను తీసుకెళ్లేవారు మొహమాటపడకుండా అడగండి.